తెల్లగోడకు అవతల

ఎండిన తామరాకులు పీకించాలా, అలాగే ఉంచాలా అన్న దగ్గర మొదలైంది ఆ పొద్దుటి గొడవ.

అత్తగారు కొలను మెట్ల మీద నిలబడి పనివాణ్ణి పడవ దింపమంది. పక్కనే మంటపంలో కూర్చున్న మామగారు యాన్ హెంగ్ వద్దని విసనకర్ర ఊపారు. పనివాడు ఒక కాలు పడవలో, ఒక కాలు మెట్టు మీద పెట్టి ఇద్దరి వంకా మార్చి మార్చి చూస్తున్నాడు.

"ఎవరింట్లో చూసినా ఈపాటికి పీకించేశారు. మనింట్లోనే ఈ కుళ్ళు. విందుకు గెంగ్ దొరగారొచ్చి ముక్కు మూసుకుని కూర్చుంటారు," అంది అత్తగారు.

"వానలో వాటి మీద చప్పుడు వినడానికే ఎండినవి ఉంచుతారు. ఇన్నేళ్ళుగా చెబుతున్నా నీకెక్కదు."

"ఆయనొచ్చిన రోజు వాన పడకపోతే?"

"పడుతుంది."

"మీరు చెప్పినప్పుడల్లా వినడానికి వానేమన్నా నేనా?"

కోడలు రుయున్ మంటపం మెట్టు మీద కూర్చుని, తామరగింజల్లా నీళ్ళలో కాసే పచ్చి మఖానా గింజలు ఒలుస్తోంది. బొటనవేలికి రాగిగోరు తొడుక్కుని, పెంకు మీద సన్నగా గీత పెట్టి, లోపలి తెల్ల గింజ నలగకుండా నీళ్ళ గిన్నెలోకి జార్చాలి. అత్తగారి మాటకి నవ్వొచ్చి తల వంచుకుంది. కాని మామగారి మెడ మీద నరం లేస్తోంది. ఆ నరం లేచాక మాట ఎంత దూరం పోతుందో ఆ ఇంట్లో అందరికీ తెలుసు. మాట మార్చడానికి ఏమన్నా దొరుకుతుందేమోనని తలెత్తి చూసింది. కొలను అవతల తెల్లగోడ, గోడ మీద వెదురు నీడలు, గోడకు పైన దూరంగా ఉత్తర విహారం గోపురం. గోపురాన్ని ఆనుకున్నట్టుగా, గోడ వెనక, కొత్త గుంజలు నిలబడి ఉన్నాయి. నిన్న అవి లేవు.

"గోడవతల పాంగ్ వాళ్ళింట్లో పెళ్ళేమన్నా ఉందా అత్తయ్యా? పందిరి వేస్తున్నట్టున్నారు," అంది.

గొడవ నిజంగానే ఆగిపోయింది. మామగారు విసనకర్ర మూసి, ఒక కన్ను మూసి, ఆ కర్ర కొసను రెండో కంటికి ఎదురుగా పెట్టి చూశారు. రాయి నిలబెట్టేటప్పుడూ, మొక్క నాటేటప్పుడూ ఆయన చూసే పద్ధతి అది. 

"పందిరి కాదు. ఇంటి కప్పు లేపుతున్నారు," అన్నారు.

పనివాడు రెండో కాలు కూడా మెట్టు మీద పెట్టి పడవను చప్పుడు చెయ్యకుండా కట్టేశాడు. తామరాకుల సంగతి ఆ తర్వాత ఎవరూ ఎత్తలేదు.

ఆ కప్పు లేచిందంటే గోపురం కింది అంతస్తులన్నీ దాని వెనక్కి పోతాయి. సుజౌలో చెప్పుకోదగ్గ తోటలు ఎన్నో ఉన్నాయి. యాన్ వారి తోట వాటిలో చిన్నది. చోటు లేని లోటును మామగారు ఆ గోపురంతో పూడ్చుకున్నారు. వంతెనను మెలికలు తిప్పి కట్టించినది, నడిచే మనిషికి మంటపం చేరేదాకా గోపురం వీపు వెనకే ఉండాలని. సరస్సు నుంచి తెప్పించిన చిల్లుల రాయిని తన మనసుకు పట్టేదాకా జరిపించి జరిపించి, కొండకొమ్ములా అటు వంగేలా నిలబెట్టించారు. మంటపం కట్టకముందు ఆ చోట వెదురు బొంగులు పాతి, చాపలు కప్పించి, ఓ శీతాకాలమంతా అందులో కూర్చుని చూశారు. చివరికి అక్కడ కూర్చున్న మనిషికి గోపురం ఆకాశంలో ఒకటి, నీళ్ళలో ఒకటి, రెండూ ఒక్క చూపులో అందుతాయి. 'గోపుర ఛాయ' అని మంటపానికి పేరు రాసి ఇచ్చిన గెంగ్ దొరగారు ఇప్పటిదాకా దాన్ని కళ్ళతో చూడలేదు. ఇప్పుడు చేమంతుల విందుకు నాన్‌జింగ్ నుంచి పడవలో వస్తున్నారు. ఆయనకు తోట నచ్చితే రుయున్ భర్త జిచెంగ్‌ను తన కచేరీలోకి తీసుకుంటారు. ఆ మాట ఎవరూ పైకి అనలేదు. అయినా ఆ ఇంట్లో పొయ్యి మీద ఎసరు పెట్టేటప్పుడు కూడా అందరి మనసులోనూ అదే ఉంది.

సర్కారు కొలువు పరీక్షలు తప్పి తప్పి జిచెంగ్ ఇప్పుడు పుస్తకం తెరిచి, పేజీ తిప్పకుండా కూర్చుంటున్నాడు. రుయున్ దిగులు రుయున్‌కి ఉంది.

మర్నాడంతా మామగారు మంటపంలోనే ఉన్నారు. అక్కడున్న ఆసనాలన్నిట్లో ఒకదాని తర్వాత ఒకటి కూర్చుని చూశారు. వెదురు ఇంకొంచెం పెంచితే గుంజలు మరుగవుతాయా అని పనివాడి చేత కొమ్మ పట్టించి చూశారు. కొమ్మ గుంజల్ని కప్పింది, గోపురాన్నీ కప్పింది. మధ్యాహ్నం దాటాక బట్టలు మార్చుకుని, పల్లకీ తెప్పించుకుని బయటికి వెళ్ళారు. వచ్చేటప్పటికి మొహం కాస్త తేటపడి ఉంది. ఊరి కచేరీలో తనకు తెలిసినవాళ్ళున్నారనీ, విందులోపు గుంజలు దిగుతాయనీ భార్యతో అంటుంటే రుయున్ టీ పోస్తూ వింది. 

కచేరీ మనుషులు ఆలస్యం చెయ్యలేదు. గోడ అవతల గొంతులు లేచాయి, ఓ ఆడగొంతు ఏదో గట్టిగా అడిగింది, తర్వాత ఏమీ వినబడలేదు. ఆ ఏమీ లేకపోవడమే రుయున్‌ని పట్టుకుంది. కాపరానికి వచ్చిన నాటినుంచీ ఆ గోడ వెనక మగ్గం చప్పుడు వింటూనే ఉంది. తోటలో నీళ్ళ చప్పుడు ఎంతో అది కూడా అంతే. తన పిల్లని నిద్రపుచ్చేటప్పుడు దాని వరసలోనే జోకొట్టేది. ఇప్పుడది ఆగిపోయింది. తను ఒలిచిన మఖానా గింజల్లో నలిగినవి ఎక్కువ పడుతున్నాయని అత్తగారు రెండుసార్లు అంది.

"నేను ఆ మాట అనకుండా ఉండాల్సింది అత్తయ్యా."

"నువ్వనకపోతే ఆయన చూడరా? రోజంతా అటేగా మొహం పెట్టుకు కూర్చునేది. నా మొహం అంతసేపు ఎప్పుడన్నా చూశారా?" అంది అత్తగారు. కాని ఆవిడకీ లోపల పీకుతూనే ఉంది. పండగ పూట పక్కింటివాళ్ళు ఉసూరుమని తిట్టుకుంటే ఇంటికి మంచిది కాదని ఆవిడ నమ్మకం. మర్నాడు బియ్యప్పిండి బిళ్ళల బుట్టా, ఓ పట్టుగుడ్డ చాపూ సర్ది, రుయున్ చేతికిచ్చి, పనిమనిషిని తోడిచ్చి పంపింది. గుంజలు వాళ్ళంతట వాళ్ళే దించుకుంటే అందరికీ మర్యాదగా ఉంటుందని మెత్తగా చెప్పి రమ్మంది.

ఎప్పుడూ తియ్యని పక్కవాకిలి తలుపు గడియ తీస్తే తుప్పు రాలింది. సందు తడిగా ఉంది. ఇటువైపు నుంచి తమ గోడను రుయున్ అదే మొదటిసారి చూడటం. తోటలో ఆ గోడ కాగితంలా ఉంటుంది. సున్నంలో నానిన కాగితపు గుజ్జు కలిపి నునుపు తేల్చారు. మధ్యాహ్నం ఎండకు దాని మీద వెదురు నీడలు పడితే ఎవరో సిరాతో బొమ్మ గీసినట్టుంటుందని వచ్చినవాళ్ళందరూ మెచ్చుకుంటారు. ఇటువైపు సున్నం వెయ్యలేదు. బూడిదరంగు ఇటుకలు, సందుల్లో నాచు, పైన పెంకుల నుంచి జారిన నీళ్ళ చారలు. ఓ ఎత్తు దాకా పాత ఇటుక, అక్కడినుంచి కొత్తది. మొన్నటి వసంతంలో పాంగ్ వాళ్ళ కప్పూ, వాళ్ళు ఆరేసే నూలూ మంటపంలోకి కనిపించకుండా మామగారు లేపించిన భాగం అది. పాంగ్ వాళ్ళ గడప ముందు నిలబడి చెయ్యి చాపితే గోడ తగులుతుంది.

లోపల పట్టపగలు దీపం వెలుగుతోంది.

"రండి చిన్నమ్మగారూ, కూర్చోండి. కూర్చునే చోటు కనబడితే," అంది పాంగ్ భార్య ఆయింగ్. రుయున్ చేతిలో బుట్ట చూసింది. "తినమని చెప్పడానికొచ్చారా, దించుకోమని చెప్పడానికొచ్చారా? రెండూ ఒకేసారంటే గొంతు దిగడం కష్టం."

రుయున్ మెత్తగా చెప్పాల్సిన మాటలన్నీ నోట్లోనే ఉండిపోయాయి. కళ్ళు చీకటికి అలవాటు పడ్డాక గదినంతా ఆక్రమించుకున్న మగ్గం కనిపించింది. కింద బల్ల మీద పాంగ్ ఊరికే కూర్చుని ఉన్నాడు. పైన అటకలాగా కట్టిన చోట ఇంకో పీట ఉంది. అది ఆయింగ్‌ది. ఆమె పైనుంచి తాళ్ళు లాగితే పువ్వు లేస్తుంది, కింద అతను పోగు వేస్తాడు. మగ్గానికి రెండువైపులా దీపాలు వేలాడుతున్నాయి. వాటి పొగకు దూలాలు నల్లబడ్డాయి.

"గోడ లేవకముందు ఇక్కడ ఎండ పడేదా?" అని అడిగింది రుయున్. 

"నా కాళ్ళ దాకా పడేది. చలికాలం కాళ్ళు చాపుకుని నేసేవాణ్ణి," అన్నాడు పాంగ్.

ఆయింగ్ మూలనున్న పెట్టె తెరిచి ఓ చాపు తీసి దీపం దగ్గర పరిచింది. ఎర్రటి సాటిన్ మీద పెద్ద పియోనీ పువ్వులు, చుట్టూ ఆకులు. చక్కగా ఉందని రుయున్ అనబోతుంటే, ఆయింగ్ దాన్ని గడప బయటికి, ఉన్న కాస్త వెలుతురులోకి లాగింది. ఆకులు సగం పచ్చగా ఉన్నాయి, సగం నీలంగా ఉన్నాయి. ఒక్క ఆకులోనే, ఈనెకు ఈవల ఆకుపచ్చ, ఆవల నీలం.

"దీపం దగ్గర ఆ రెండూ ఒకటే," అంది ఆయింగ్. "ఈయన నేసేటప్పుడూ తెలీలేదు, పైనుంచి నాకూ తెలీలేదు. సర్కారు పట్టు కచేరీలో పరిచి చూపించేటప్పటికి అక్కడివాళ్ళు నవ్వుతారా, తిడతారా? ముందు నవ్వారు. ఇంకో చాపు ఇలా వస్తే మగ్గం వేరేవాళ్ళకి ఇచ్చేస్తామన్నారు. అందుకని కప్పు లేపి గోడ పైనుంచి ఓ కిటికీ పెట్టుకుందామనుకున్నాం. అంతే. అది కూడా దించమంటే ఇక ఏ ధైర్యంతో నేస్తాం? మీ గోపురంతో మాకేం పని?"

పాంగ్ భార్యను చాలనట్టు చూశాడు. తర్వాత తనే, నేల వంక చూస్తూ నెమ్మదిగా అన్నాడు. "గోడ లేపేటప్పుడు మమ్మల్ని ఎవరూ అడగలేదమ్మా. మేం కప్పు లేపితే కచేరీవాళ్ళొచ్చారు."

రుయున్ లేచింది. తను తెచ్చిన పట్టుగుడ్డను బల్ల మీద పెట్టి, ఆ పాడైపోయిన చాపు తనకిమ్మని అడిగింది. పనికిరానిది ఎందుకని ఆయింగ్ అడిగితే దిండు కుడతానంది. తిరిగి వస్తుంటే చేతిలోని గుడ్డ బరువుగా అనిపించింది. దాంతో ఏం చెయ్యాలో అప్పటికి ఆమెకు స్పష్టంగా తెలియదు.

అత్తగారితో, వాళ్ళు ఆలోచిస్తామన్నారని అబద్ధం చెప్పింది. సాయంత్రం జిచెంగ్ ఒంటరిగా దొరికాక నిజం చెప్పింది. అతను పుస్తకం మూశాడు.

"విందు అయ్యాక నాన్నగారితో మాట్లాడదాం."

"విందులోపే గుంజలు తీయించేస్తారండీ. తర్వాత మాట్లాడి ఏం లాభం?"

"నువ్వు చూసొచ్చావు కాబట్టి నీకలా ఉంది. నేను చూళ్ళేదు. చూడకుండా ఉండనీ నన్ను." అతని గొంతులో కోపం లేదు. బతిమాలుతున్నట్టుగా ఉంది. "ఈ ఒక్క దారే మిగిలింది నాకు. నీకు తెలుసు."

తెలుసు. అందుకే ఆమెకు ఆ గుడ్డ మడత విప్పడానికి కూడా భయం వేసింది. పిల్ల జడ అల్లుతూ ఒకటికి రెండుసార్లు తప్పి, విప్పి, మళ్ళీ అల్లింది. ఊరుకుంటే విందు సవ్యంగా జరిగిపోతుంది. భర్త నాన్‌జింగ్ వెళ్తాడు. ఆ ఇంట్లో తనకు అందరూ ఇంకాస్త మర్యాద ఇస్తారు. గోడ వెనక మగ్గం ఉండదు, అంతే. తోటకు వచ్చినవాళ్ళెవరికీ ఆ లోటు తెలియదు కూడా.

విందు దగ్గరపడింది. చేమంతి కుండీలు వచ్చాయి, వాటిని రాళ్ళ మధ్య ఎక్కడ దించాలో చెప్పి చెప్పి మామగారి గొంతు బొంగురుపోయింది. గెంగ్ దొరగారు కూర్చునే రాతి ఆసనం చలికి జిల్లుమంటుందనీ, దాని మీదకు మంచి మెత్త కావాలనీ అత్తగారు అంటే, నేను కుడతానంది రుయున్. దూది ఏకి, అంచులకు నల్లపట్టు చుట్టి, మూలలు మడిచి కుట్టింది. పువ్వు సరిగ్గా మధ్యకు వచ్చేలా, దాని కింద ఆ సగంసగం ఆకు ముందు అంచుకు వచ్చేలా గుడ్డ కత్తిరించింది. కత్తెర పెట్టేముందు కాసేపు ఆగింది. ఆ తర్వాత ఆగలేదు.

ఇంట్లో దాన్ని చూసి అత్తగారు పనితనం బాగుందంది. ఆవిడ కళ్ళు మసక, పైగా గదిలో చూసింది. రుయున్ పొద్దెక్కనిచ్చి, ఎండ మంటపంలోకి పూర్తిగా వచ్చాక మెత్తను తీసుకెళ్ళి ఆసనం మీద పెట్టింది. కదలకుండా పక్కన నిలబడింది. మామగారు వంతెన దాటి వస్తున్నారు. ప్రతి మలుపులోనూ ఆగి, ఏ కుండీ ఎటు తిరిగి ఉందో చూసుకుంటూ వచ్చారు. గోడ వెనక గుంజలు ఇంకా ఉన్నాయి. వాటిని చూసి ఆయన మొహం చిట్లింది. ఆ చూపుతోనే ఆసనం వంక తిరిగారు.

ఆయనది గోటిమందం తేడాను పట్టుకునే కన్ను. ఒక్క క్షణం పట్టలేదు.

"ఈ ఆకేంటి సగం నీలంగా ఉంది? కళ్ళున్నవాళ్ళెవరూ నేసినట్టు లేదే. దీన్నా దొరగారి కింద వేసేది?"

"కళ్ళున్నవాళ్ళే నేశారు మామయ్యగారూ." ఆమె కొలను అవతలికి చెయ్యి చూపింది. "మన గోడ వెనక. పట్టపగలు, దీపం పెట్టుకుని."

 ఆయన మెడ మీద నరం లేవడం రుయున్ చూసింది. కేక వేస్తారనుకుంది. కొడుకునూ భార్యనూ పిలుస్తారనుకుంది. ఆయన మెత్తను చేతిలోకి తీసుకుని ఎండకు పెట్టి చూశారు, అంగీ చేతి నీడలో పెట్టి చూశారు, మళ్ళీ ఎండకు పెట్టారు. తర్వాత తెల్లగోడ వంక చూశారు. వెదురు నీడలు దాని మీద చక్కగా పడి ఉన్నాయి.

మెత్తను చంకలో పెట్టుకుని పక్కవాకిలి వైపు నడిచారు. అత్తగారు గాభరాగా వెనకాల పడింది. "సందులో బురదండీ, ఆ చెప్పులతోనా? పల్లకీ లేకుండా నేత వాళ్ళింటికి మీరెళ్ళడమేంటి, ఎవరన్నా చూస్తే?" అంటూనే ఉంది. తలుపు కిర్రుమంది. వెనకాలే మూసుకుంది.

ఆయన లోపల ఎంతసేపున్నారో, ఏం మాట్లాడారో రుయున్‌కి తెలియదు. గోడకు చెవి ఆనించి నిలబడదామనిపించింది. నిలబడలేదు. పువ్వులన్నిటికీ నీళ్ళు పోసినా మళ్ళీ పోసింది. జిచెంగ్ పరుగున వచ్చి ఏం జరిగిందని అడిగాడు. చెప్పింది. అతను తిట్టకుండానే వెనుదిరిగి వెళ్ళిపోయాడు. తిట్టి ఉంటే బాగుండుననుకుంది.

మామగారు తిరిగి వచ్చేటప్పటికి చెప్పులు మడమల దాకా తడిసి ఉన్నాయి. చంకలో మెత్త లేదు. గదిలోకి వెళ్ళి తలుపు వేసుకున్నారు. టీ తీసుకెళ్తే బయట పెట్టమన్నారు. మధ్యాహ్నం ఓసారి బయటికి వచ్చి, మంటపంలోకి వెళ్ళకుండా గోడ దగ్గరికే వెళ్ళి, ఇటుక వరసలు లెక్కపెడుతున్నవాడిలా దాన్ని కింది నుంచి పైదాకా చూశారు. అరచేత్తో సున్నాన్ని ఓసారి నిమిరారు. అంత నునుపు రావడానికి ఆయన మేస్త్రీతో ఎంత తగువులాడారో ఇంట్లో అందరికీ గుర్తుంది.

రాత్రి భోజనానికి పీతలు ఆవిరి మీద ఉడికించారు. అల్లం వేసిన పుల్లటి సిర్కా గిన్నెలూ, వెచ్చటి సారా కూజా బల్ల మీదకు వచ్చాయి.  మామయ్యగారు తనను పుట్టింటికి పంపిస్తారేమోనని రుయున్ మనసులో ఎప్పుడో సిద్ధపడింది. అందుకని పిల్లకు అన్నం తినిపించే నెపంతో తలెత్తలేదు. ఆయన పీత డిప్ప విప్పి, లోపలి పసుపు భాగాన్ని చెంచాతో జాగ్రత్తగా తీసి, తినకుండా పళ్ళెంలోనే ఉంచారు.

"గోడను పాత ఎత్తుకి దింపించేస్తున్నాను," అన్నారు. "పొద్దున్నే మేస్త్రీ వస్తాడు."

అత్తగారి చేతిలో పీత కాలు ఆగిపోయింది. "దొరగారు వచ్చే వేళకా? ఇల్లంతా దుమ్ము. పైగా వాళ్ళ కప్పూ, ఆరేసిన నూలూ అన్నీ మంటపంలోకి కనబడతాయి."

"కనబడతాయి."

జిచెంగ్ సిర్కా గిన్నెను పక్కకు జరిపాడు. "ఆయనకు నచ్చకపోతే నాన్నగారూ?" అన్నాడు.

"నచ్చకపోవచ్చు." ఆ ఒక్క మాట అనడానికి మామగారు చెంచా కింద పెట్టారు. కొడుకు వంక సూటిగా చూశారు. "నీ సంగతి ఆయన్ని నేనే నోరు విడిచి అడుగుతాను. తోట చూపించి అడగను."

 జిచెంగ్ కూజా అందుకుని తండ్రి గిన్నెలో సారా పోశాడు. కొంచెం బల్ల మీద ఒలికింది, రుయున్ తుడిచింది.

"కచేరీకి కూడా నేనే వెళ్ళి ఆ ఉత్తర్వు వద్దని చెప్పొస్తాను," అన్నారు మామగారు. "అమ్మాయ్, నువ్వు పొద్దున్నే పాంగ్ వాళ్ళింటికెళ్ళు. గుంజలు దించక్కర్లేదని చెప్పు. గోడ దిగాక కప్పు లేపుకుంటారో, మానుకుంటారో వాళ్ళనే చూసుకోమను."

"లేపుకుంటే గోపురం పోతుంది కదండీ," అంది అత్తగారు నమ్మలేనట్టుగా.

"పోతుంది," అన్నారాయన పీత పళ్ళేన్ని దగ్గరికి లాక్కుంటూ. "అది వాళ్ళ ఇల్లు."